తొమ్మిది గ్రహాల పుస్తకం పారేయాలా?

పిల్లల సైన్సు పుస్తకాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పుస్తక ప్రదర్శనలో అంతరిక్షం మీద మూడు పుస్తకాలు చూశాను. మూడింటి నిండా రంగుల బొమ్మలే. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. స్టాలు దగ్గర నిలబడ్డ పది నిమిషాల్లో ఏది మంచిదో తేల్చుకునేదెలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అట్ట సంగతి వదిలేసి, టైటిల్ పేజీ వెనక్కి తిప్పండి. ‘పునర్ముద్రణ 2024’ అని ఉన్నంతమాత్రాన లోపలి సమాచారం 2024 నాటిదని కాదు. పాత పేజీలనే మళ్లీ అచ్చేసి ఉండొచ్చు. ‘సవరించిన ముద్రణ’ అన్న మాట ఉందేమో వెతకండి.

తర్వాత శనిగ్రహం పేజీ తీయండి. ఉపగ్రహాలు 82 అని ఉంటే అది 2019 నాటి లెక్క. 2025 మార్చికి ఆ లెక్క 274కు చేరింది. అంకె పాతబడినందుకు పుస్తకాన్ని తప్పుపట్టనక్కర్లేదు. ‘ఫలానా ఏడాది నాటికి’ అని రాశారా లేదా అన్నదే చూడండి. అలా రాసినవాళ్లు మిగతా చోట్లా జాగ్రత్తగానే ఉంటారు.

అసలు పరీక్ష వ్యోమగాములు తేలే పేజీలో ఉంటుంది. ‘అక్కడ గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి తేలుతారు’ అని రాసి ఉంటే ఆ పుస్తకాన్ని అక్కడే పెట్టేయండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగే 400 కి.మీ. ఎత్తులో భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. కేంద్రమూ, అందులోని మనుషులూ కలిసి నిరంతరం భూమి వైపు పడుతూనే ఉంటారు. సెకనుకు 7.6 కి.మీ. చొప్పున పక్కకు దూసుకుపోతున్నందువల్ల నేలను తాకరు. మంచి పుస్తకమైతే దీన్ని ఒక చిన్న పనితో చూపిస్తుంది. ప్లాస్టిక్ సీసా అడుగు పక్కన చిల్లు పెట్టి, నీళ్లు నింపి, మూత తీసి పట్టుకుంటే ధార కారుతుంది. అదే సీసాను మేడ మీంచి వదిలితే పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది.

ఇక సౌరకుటుంబం బొమ్మ. గ్రహాలన్నీ ఒకే పేజీలో పక్కపక్కన కూర్చున్నప్పుడు ‘దూరాలు కొలత ప్రకారం లేవు’ అన్న ఒక్క వాక్యం ఉండాలి. ఎందుకో ఇంట్లోనే చూపించవచ్చు. భూమిని ఒక సెంటీమీటరు కాబూలీ శనగ గింజ అనుకుంటే, చంద్రుడు ఆవగింజకన్నా కాస్త పెద్దగా, స్కూలు స్కేలంత దూరంలో ఉంటాడు. సూర్యుడు మీటరు దాటిన గుండ్రాయి, 117 మీటర్ల అవతల. నెప్ట్యూన్ మూడున్నర కిలోమీటర్ల దూరాన, అంటే ఊరి పొలిమేరలో!

చంద్రయాన్-3 పేజీ కూడా చూడండి. 2023 ఆగస్టు 23న విక్రమ్ ల్యాండర్ దిగింది సరిగ్గా దక్షిణ ధ్రువం మీద కాదు, దాదాపు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర. ధ్రువానికి ఇంకా 600 కి.మీ. పైనే ఉంది. ‘ధ్రువ ప్రాంతానికి దగ్గరలో’ అన్నవాళ్లు సరిచూసుకుని రాశారన్నమాట.

ప్రశ్న: మా బడి బీరువాలో మాస్కోలో అచ్చయిన పాత తెలుగు సైన్సు పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటిలో తొమ్మిది గ్రహాలున్నాయి. పిల్లలకు ఇవ్వొచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: నిక్షేపంగా ఇవ్వండి, కాకపోతే యంత్రాల పుస్తకాలను, గ్రహాల పుస్తకాలను వేరుచేసి ఇవ్వండి. మీటదండ, కప్పీ, పళ్లచక్రాలు, ఆవిరి యంత్రం పాతబడవు. గియర్లు ఎలా తిరుగుతాయో ఒక్క రంగుతో, గీతలతో వేసిన ఆ బొమ్మల్లో తెలిసినంత స్పష్టంగా ఈనాటి మెరుపు ఫొటోల్లో తెలియదు. ఫొటోలో పైతొడుగే కనబడుతుంది. అడ్డుకోత బొమ్మలో లోపలిదంతా కనబడుతుంది.

గ్రహాల పుస్తకాలకు మాత్రం మార్పులు రాసిన చీటీలు కావాలి. ప్లూటో 2006 ఆగస్టులో మరుగుజ్జు గ్రహాల్లోకి వెళ్లింది, కాబట్టి ఇప్పుడు గ్రహాలు ఎనిమిదే. ‘వలయాలున్నది శనికే’ అని ఉంటే అది 1977కు ముందు మాట. ఆ ఏడాది యురేనస్‌కు, 1979లో గురుడికి వలయాలు కనబడ్డాయి, నెప్ట్యూన్ వలయాలు 1989లో ఖాయమయ్యాయి. ‘చంద్రుడి మీద నీటి జాడే లేదు’ అన్నది చంద్రయాన్-1 సమాచారంతో 2009లో మారింది. ఆ కాగితం ఇప్పటికి పెళుసెక్కి ఉంటుంది, జిగురు పెట్టకండి. చీటీని పేజీల మధ్య ఉంచితే చాలు. ఏది మారిందో ఏడో తరగతి పిల్లల చేతే రాయించండి.

ప్రశ్న: మా బాబు డాలస్‌లో పుట్టాడు. యంత్రాల గురించి ఇంగ్లిషులోనే చదువుతాడు. తెలుగులో మొదలుపెట్టాలంటే?
– ఒక తండ్రి, అమెరికా

జవాబు: ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. వయసు చూసి కాకుండా తెలుగు చదవగలిగే స్థాయిని చూసి, ఒకటో మెట్టు నుంచే ఎంచండి. విషయం వాడికి ముందే తెలుసు కాబట్టి మాట మీదే దృష్టి పెట్టగలడు. ‘కక్ష్య’, ‘ఇరుసు’ లాంటి కొత్త మాటలు వారానికి నాలుగైదుకు మించనివ్వకండి.

ప్రశ్న: పుస్తకంలో చెప్పినట్టే మేకుకు రాగి తీగ చుట్టి విద్యుదయస్కాంతం చేశాం. ఒక్క గుండుసూది కూడా అంటుకోలేదు. పుస్తకం తప్పా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: తప్పు కాదు, సగమే చెప్పి ఉంటుంది. మోటారు వైండింగ్ తీగ చూడటానికి ఒట్టి రాగిలాగే ఉంటుంది గానీ దాని మీద వార్నిష్ పూత ఉంటుంది. రెండు కొసలనూ రెండేసి సెంటీమీటర్లు గరుకు కాగితంతో గీకాలి. ఒక పక్కే గీకితే చాలదు, తీగను తిప్పుతూ చుట్టూ గీకాలి. ముదురు రంగు పోయి లేత గులాబీ మెరుపు రావాలి. అనుమానముంటే సెల్లుకూ చుట్టకూ మధ్య చిన్న టార్చి బల్బు (ఎల్‌ఈడీ కాదు) పెట్టి చూడండి. వెలిగితే గీకుడు సరిపోయినట్టే. తర్వాత బల్బు తీసేయండి.

అప్పటికీ పనిచేయకపోతే మేకును, గుండుసూదులను ఫ్రిజ్ అయస్కాంతానికి తాకించండి. కొన్ని స్టెయిన్‌లెస్ స్టీలు మేకులు, ఇత్తడి సూదులు దేనికీ అంటవు. మామూలు ఇనుప మేకు పది సెంటీమీటర్లది తీసుకోండి. 28 గేజి తీగ రెండున్నర మీటర్లు, వంద చుట్లు. కొసదాకా చుట్టి వెనక్కి వచ్చేటప్పుడు చుట్టే దిశ మార్చకూడదు. మారిస్తే రెండో వరస మొదటిదాని బలాన్ని కొట్టేస్తుంది.

1.5 వోల్టుల సెల్లు ఒకటే వాడండి, ఒక్కోసారి ఐదు సెకన్లకు మించి కలిపి ఉంచవద్దు. తీగ నిరోధం చాలా తక్కువ కాబట్టి సెల్లూ తీగా చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. ఇన్వర్టరు బ్యాటరీ, ఫోన్ చార్జరు, గోడ ప్లగ్గు జోలికి అసలు పోకూడదు.