నడుం నొప్పికి ఏ మసాజ్ అని అడిగారు కదా, ముందు చేసేవారి చేతిని చూడండి

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని నడుము, మెడ పట్టేస్తున్నాయనీ, పని ఒత్తిడికి నిద్ర కూడా పట్టడం లేదనీ, స్వీడిష్, థాయ్, డీప్ టిష్యూ, ఆయుర్వేదం వీటిలో ఏది చేయించుకోవాలనీ అడిగారు. సూటిగా చెబుతాను. పేరు చూసి ఎంచుకోకండి. మీ ఒంటి మీద చెయ్యి వేసే ముందు వాళ్లు ఏమేమి అడుగుతారో చూసి ఎంచుకోండి. ఎక్కడ చెయ్యి వేయకూడదో తెలిసినవారు ఏ పద్ధతిలో చేసినా మేలే జరుగుతుంది. అది తెలియనివారు ఎంత ఖరీదైన తైలం రాసినా నేను మాత్రం నా వాళ్లను పంపను.

మాది ఒడిశాలోని బరంపురం, పట్టు నేసే తెలుగు కుటుంబం. మా నాన్నగారు గుంట మగ్గం మీద కుంభం అంచు చీరలు నేసేవారు. కాళ్లు గుంటలో పెట్టి చెక్కలు తొక్కుతూ, నడుము ముందుకు వంచి, పొద్దస్తమానం అదే పని. సాయంత్రం మగ్గాల చప్పుడు ఆగాక మా వీధిలో ఏదో ఒక ఇంట్లోంచి నువ్వుల నూనె వెచ్చబెట్టిన వాసన వస్తూనే ఉండేది. మర్నాడు మళ్లీ గుంటలో కాళ్లు పెట్టాలంటే రాత్రికి ఒళ్లు పట్టించుకోవాల్సిందే. అందుకే ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేది. అందరం మామ్మ అనే పిలిచేవాళ్లం. బాలింతలకు నూనె పట్టి స్నానాలు చేయించేది. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో ఘటాలు మోస్తూ వీధులన్నీ తిరిగిన ఆడవాళ్లకు పిక్కలు పట్టేది. మా చెల్లెలు పురుడు పోసుకుని ఇంటికి వచ్చిన కొద్ది రోజులకు ఆమెను పిలిపించాం. గది కిటికీలు మూసి, చాప పరిచి, వాము, వెల్లుల్లి వేసి కాచిన నూనె గిన్నె పక్కన పెట్టుకుంది మామ్మ. కుడికాలు పూర్తి చేసింది. ఎడమకాలి పిక్క దగ్గరకు వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. రుద్దలేదు, నొక్కలేదు. చెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ల వెనకభాగం ఆనించి వేడి చూసింది. కుడి పిక్క మీద కూడా అలాగే ఆనించి చూసింది.

"ఇక్కడ ఎప్పటి నుంచి నొప్పిగా ఉందమ్మా?" అని అడిగింది.

నిన్నటి నుంచి బరువుగా ఉందనీ, నడుస్తుంటే లాగుతోందనీ చెప్పింది చెల్లెలు. మామ్మ లేచి, గోడ కొయ్యకు వేలాడుతున్న పట్టు దారపు చిలప (కట్ట)లోంచి ఒక పోగు తెంపి, ఎడమ పిక్క చుట్టూ వేసి, కొస కలిసిన చోట గోరుతో పట్టుకుంది. అదే పోగును కుడి పిక్క చుట్టూ వేసింది. రెండు వేళ్ల వెడల్పున పోగు మిగిలిపోయింది. నూనె గిన్నె మీద మూత పెట్టేసింది.

"ఈ కాలి మీద నేను చెయ్యి వేయను. మీరూ వేయకండి. బండి పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లండి."

బాలింతకు నొప్పులు మామూలే కదా, కొంచెం రుద్దితే తగ్గుతుందేమోనని మా అమ్మ బతిమాలింది. మామ్మ కొంగుతో చేతులు తుడుచుకుని గుమ్మం దాటి వెళ్లి, తనే ఆటోను ఆపింది.

రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కాన్ తీస్తే కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందని తేలింది. రుద్ది ఉంటే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరు గారు చెప్పారు. గడ్డ పెరగకుండా ఇంజెక్షన్లు ఇచ్చారు, తర్వాత నెలల తరబడి మాత్రలు వాడాం, చెల్లెలు కోలుకుంది. కాన్పు తర్వాత మొదటి ఆరు వారాల్లో ఈ ప్రమాదం ఎక్కువ. రెండు పిక్కల చుట్టుకొలతల మధ్య 3 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే వైద్యులు కూడా గడ్డ ఉందేమోనని అనుమానిస్తారని ఆ తర్వాత తెలుసుకున్నాను. మామ్మ అదే కొలతను పట్టుపోగుతో చేసింది. అలాంటి మనిషికి మా ఊరు ఇచ్చింది ఒక నూలు చీర, సోలెడు బియ్యం, చేతిలో పెట్టిన నాలుగు నోట్లు. వైద్యం తెలిసిన మనిషని ఎవరూ అనలేదు. ఆ పని నేర్చుకోవడానికి ఆమె కోడళ్లెవరూ ముందుకు రాలేదు, వాళ్లను తప్పు పట్టలేను. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇప్పుడు స్పాల సంగతి చూడండి. అష్టాంగహృదయం అనే ఆయుర్వేద గ్రంథంలో వాగ్భటుడు అభ్యంగం, అంటే ఒంటికి నూనె మర్దన, రోజూ చేసుకోమన్నాడు, తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకంగా నూనె పట్టించమన్నాడు. అంతవరకు గోడల మీద అందంగా రాసి పెడతారు. కఫం పెరిగినప్పుడు, వాంతి, విరేచనాలతో ఒళ్లు శుభ్రపరిచే శోధన చికిత్స చేయించుకున్న వెంటనే, అజీర్ణంగా ఉన్నప్పుడు వద్దని ఆయనే ఆ వెంటనే చెప్పాడు. ఆ మాట ఏ గోడ మీదా కనబడదు. బీపీ ఉందా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నారా, గర్భవతా, ఈ మధ్య ఆపరేషన్ అయిందా అని ఎవరూ అడగరు. సంగీతం పెట్టి, బోర్లా పడుకోమంటారు. అలాంటి చోటి నుంచి లేచి వచ్చేయండి, డబ్బు పోయినా ఫరవాలేదు.

కండ లోపలి పొరల దాకా గట్టిగా నొక్కే డీప్ టిష్యూ గురించి ఒక మాట. నొప్పి ఎంత ఎక్కువ పెడితే అంత మంచిదని కుర్రవాళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఇది తప్పు. చిక్కుపడిన పోగును లాగితే తెగుతుంది, వదులు చేస్తే విడుతుంది, కండ కూడా అంతే. మా నాన్నగారికి తరచూ కణత దగ్గర తలనొప్పి వచ్చేది. మామ్మ కొడుకు తల ముట్టుకునేవాడే కాదు. మెడకు, భుజానికి మధ్య ఉన్న కండలో ఒక చోటు వెతికి, బొటనవేలితో మెల్లగా ఒత్తిడి పెంచుతూ పట్టుకునేవాడు. అక్కడ నొక్కితే కణతలో తెలుస్తోందని నాన్నగారే అనేవారు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి వైద్యురాలిగా పనిచేసిన జానెట్ ట్రావెల్ ఇలాంటి చోట్లనే ట్రిగ్గర్ పాయింట్లు అన్నారు. ఏ కండలో నొక్కితే నొప్పి ఎక్కడికి పాకుతుందో పటాలు గీయించి, 1983లో డేవిడ్ సైమన్స్‌తో కలిసి పుస్తకంగా వేశారు. మీ మెడనొప్పికి ఇది తెలిసిన ఫిజియోథెరపిస్టు దొరికితే స్పా అక్కరలేదు.

క్షౌరశాలలో తల మర్దన చేయించుకోండి, హాయిగా ఉంటుంది. కానీ చివర్లో మెడ పట్టుకుని టక్కున తిప్పుతారే, దానికి మాత్రం ఒప్పుకోకండి. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులున్నాయి. ఆ కుదుపుకు ధమని గోడ చిట్లి పక్షవాతం వచ్చినవారున్నారు. అరుదే కావచ్చు, అయినా ఒక చప్పుడు కోసం అంత సాహసం దేనికి?

నూనె విషయంలో మా ఊళ్లో ఎప్పుడూ వాదనే. ఒడియా వాళ్ల ఇళ్లలో వెల్లుల్లి వేసి కాచిన ఆవనూనె, మా ఇళ్లలో నువ్వుల నూనె. ఆవనూనె రాస్తే చురుక్కుమని వేడెక్కుతుంది నిజమే, కానీ ఆ వేడి దాని ఘాటు చర్మాన్ని మండించడం వల్ల వచ్చేది. పెద్దవాళ్ల మోకాళ్లకు సరే, పసిపిల్లల ఒంటికి రాయకండి. ఈ మాట అన్నందుకు మా పక్కింటి అత్తగారు నాతో ఒక పండగంతా మాట్లాడలేదు. అయినా నా మాట మార్చుకోను.

ఇక మీరు అడిగిన రకాలు. ఒత్తిడికి, నిద్రకు అయితే స్వీడిష్ అని పిలిచే మెత్తగా, పొడవుగా చేతులు జార్చే మర్దన చాలు. అది కూడా దొరక్కపోతే రాత్రి గోరువెచ్చని నువ్వుల నూనెతో ఇంట్లో ఎవరిచేతనైనా అరికాళ్లు పట్టించుకోండి, తేడా మీకే తెలుస్తుంది. థాయ్ పద్ధతిలో నూనె ఉండదు, బట్టలతోనే చాప మీద పడుకోబెట్టి ఒళ్లు సాగదీస్తారు. యునెస్కో దానిని 2019లో వారసత్వ కళల జాబితాలో చేర్చింది. కీళ్లు బిగుసుకున్నవారికి బాగుంటుంది, వెన్నుపూసల మధ్య డిస్క్ సమస్య ఉన్నవారు డాక్టరును అడగకుండా వెళ్లవద్దు. కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మాత్రల కంటే ముందు కాపడం, మర్దన లాంటివి ప్రయత్నించమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం కూడా 2017లో సూచించింది. మా వాళ్లు వావిలాకు కాపడం పెడతారు, మీకు దొరికితే అదీ పెట్టుకోండి, లేకపోతే వేడినీళ్ల సంచి చాలు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. నొప్పి కాలి కిందికి దిగి తిమ్మిరి ఎక్కుతున్నా, కాలు పట్టు తప్పుతున్నా, మూత్రం ఆపుకోలేకపోతున్నా, జ్వరంతో నడుం నొప్పి వచ్చినా మర్దన జోలికి పోకుండా నేరుగా డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఇవేవీ లేకపోతే ఈ వారమే కుర్చీ ఎత్తు సరిచేయించుకుని, గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి. మా నాన్నగారికి గుంటలోంచి లేచే వీలుండేది కాదు, మీకుంది.