తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీకి ఏ ప్రాసెసర్? ముందు బోర్డు సంగతి చూడండి

"తక్కువ డబ్బుల్లో గేమింగ్ పీసీ కట్టుకోవాలి, రైజెన్ 5 5600 తీసుకోనా, ఐ3 12100ఎఫ్ తీసుకోనా" అని అడిగారు. 5600 తీసుకోండి. మీ ప్రశ్నకి జవాబు ఇంతే. కానీ ఇలా అడిగేవాళ్లంతా ప్రాసెసర్ దగ్గరే ఆగిపోతారు, దాన్ని కూర్చోబెట్టే మదర్‌బోర్డు గురించి ఒక్కరూ అడగరు. పెళ్లికొడుకు జీతం కనుక్కుని, ఇల్లూ వాకిలీ చూడకుండా సంబంధం ఖాయం చేసుకున్నట్టు. ఆ పని నేనూ చేశాను కాబట్టే చెబుతున్నాను.

2022 దసరా సెలవులు. మా పిన్ని కొడుకు బీటెక్‌లో ఉన్నాడు, వాడికి పీసీ కట్టివ్వాలి. ఇద్దరం ఖమ్మంలో శాతవాహన ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీకి వెళ్లాం. నాలుగు షాపులు తిరిగి 5600, బీ450 బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు తీసుకున్నాం. షాపతను దాని తర్వాత వచ్చిన బీ550 బోర్డు కూడా చూపించాడు. రెండింటికీ ప్రాసెసర్ దిగే గూడు, అంటే సాకెట్, ఒకటే. "సాకెట్ ఒకటే కదా, దానికి ఎక్కువెందుకు పెట్టాలి" అని వద్దన్నది నేనే. మిగిలిన డబ్బుతో వాడు రంగు లైట్ల ఫ్యాన్లు కొన్నాడు.

రాత్రి భోజనాలయ్యాక హాల్లో దుప్పటి పరిచి కూర్చున్నాం. పదకొండింటికి బిగించడం అయిపోయింది. బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, రంగులన్నీ వెలిగాయి, మానిటర్ మీద మాత్రం "నో సిగ్నల్". చూస్తే హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డుకి పెట్టాం. 5600లో గ్రాఫిక్స్ ఉండవు, బోర్డుకి పెడితే బొమ్మ రాదు. కార్డుకి మార్చాం. అయినా అంతే. ర్యామ్ తీసి తుడిచి మళ్లీ పెట్టాం. బోర్డు మూలన సీపీయూ అని రాసి ఉన్న చోట చిన్న ఎర్ర లైటు మాత్రం ఆరడం లేదు.

"అన్నా, ప్రాసెసర్ సరిగ్గా కూర్చోలేదేమో" అన్నాడు వాడు. సరే చూద్దామని కూలర్ మరలు విప్పి, పట్టుకుని నిలువునా పైకి లాగాను. 'టక్'మని శబ్దం. సాకెట్ లివర్ వేసింది వేసినట్టే ఉంది, ప్రాసెసర్ మాత్రం కూలర్‌కి అంటుకుని బయటికొచ్చేసింది, వేరుతో సహా పన్ను ఊడివచ్చినట్టు. ఆ రెండింటి మధ్య రాసే థర్మల్ పేస్టు చల్లారితే బంకలా పట్టేస్తుంది. 5600 లాంటి ఏఎం4 సాకెట్ ప్రాసెసర్లకి పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి, 1331. ఒక మూలన మూడు వంగిపోయాయి. వాడి ముఖం చూడలేకపోయాను.

పిన్ని ట్యూషన్ పిల్లల పెన్ పెన్సిల్ ఒకటి దొరికింది. లెడ్ తీసేసి, ఖాళీ మొనలోకి ఒక్కో పిన్నునీ దూర్చి, వెంట్రుకవాసి చొప్పున నిలబెట్టాను. వాడు ఫోన్ టార్చి పట్టుకున్నాడు. మూడు పిన్నులకి ముప్పావుగంట పట్టింది. ఒక్కటి విరిగినా ప్రాసెసర్ పనికిరాకుండా పోవచ్చు. పైగా పిన్నులు వంచుకుంటే వారంటీ కూడా ఇవ్వరు.

ఇంతా చేసి, అసలు రోగం కూర్చోవడంలో లేనే లేదు. బీ450 వచ్చింది 2018లో, 5600 వచ్చింది 2022 ఏప్రిల్‌లో. సాకెట్ ఒకటే కాబట్టి చక్కగా దిగుతుంది. కానీ బోర్డు పాత స్టాకైతే అందులో పాత బయోస్, అంటే బోర్డుని నిద్రలేపే ప్రోగ్రాం, ఉంటుంది, దానికి ఈ ప్రాసెసర్ ఎవరో తెలియదు. బయోస్ అప్‌డేట్ చేయాలంటే ముందు బోర్డు లేవాలి, లేవాలంటే దానికి తెలిసిన పాత ప్రాసెసర్ ఉండాలి. కొన్ని బోర్డులకి వెనకాల ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది, ప్రాసెసర్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌తో పనైపోతుంది. మాదానికి లేదు.

పండగ వెళ్లాక మళ్లీ రైలు, మళ్లీ అదే షాపు. అతను సొరుగులోంచి పాత రైజెన్ 3 తీసి పెట్టి, పెన్‌డ్రైవ్ గుచ్చి, పది నిమిషాల్లో అప్‌డేట్ చేసి మూడు వందలు తీసుకున్నాడు. "కొన్నప్పుడే చెప్పొచ్చు కదండీ" అంటే, "మీరు అడగలేదు కదా సార్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది నాకు. టమాటాలు అమ్మేవాడు కూడా "కింద నాలుగు మెత్తగా ఉన్నాయమ్మా" అని చెబుతాడు.

కాబట్టి బీ550 తీసుకోండి. బీ450యే తీసుకుంటే, పెట్టె మీద "రైజెన్ 5000 రెడీ" అని స్టిక్కర్ ఉందో లేదో చూసి, లేకపోతే కౌంటర్ మీదే ఆన్ చేసి చూపించమనండి. సిగ్గుపడకండి, డబ్బు మీది.

5600 అడిగితే "5500 కూడా అదే సార్" అని అంటగడతారు. అదే కాదు. ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ, ఎల్3 క్యాష్, 5600లో 32 ఎంబీ, 5500లోనూ 5600జీలోనూ 16. పైగా కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి పీసీఐఈ, ఆ రెండింటిలోనూ పాత 3.0 దగ్గరే ఆగిపోతుంది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి, ఆ దారిలో నాలుగే లేన్లు (వరుసలు) వాడుకునే కార్డు పెట్టారంటే అక్కడ బాగా దెబ్బ తింటుంది. అయితే 5600జీలో గ్రాఫిక్స్ ఉన్నాయి. కార్డు ఆరు నెలలయ్యాక కొంటానంటే అది తీసుకోండి, కానీ ఆ గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటాయి కాబట్టి రెండు స్టిక్కులు వేయాల్సిందే. ఒక్కటే వేసి "ఇంకోటి తర్వాత వేసుకుందాం" అంటారు చూడండి, ఆ 'తర్వాత' వచ్చిన ఇల్లు నేను చూడలేదు.

12100ఎఫ్ చెడ్డదని కాదు, నాలుగు కోర్లతో ఈ రోజుల్లో పీసీ మొదలుపెట్టకూడదని నా పట్టుదల. ఇంటెల్ వైపే మనసుంటే 12400ఎఫ్ చూడండి. అక్కడ ఇంకో తిరకాసు: ఒకే సాకెట్ బోర్డుల్లో కొన్ని డీడీఆర్4, కొన్ని డీడీఆర్5. ఒకదాని ర్యామ్ ఇంకోదానికి పట్టదు, గాటు వేరే చోట ఉంటుంది.

పీసీకి కరెంటు అందించే పెట్టె, ఎస్‌ఎంపీఎస్, గురించి అడగలేదు, అయినా చెబుతాను. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చేది పెట్టకండి. దాని మీద 500 వాట్లని రాసి ఉంటుంది, రాయడానికేముంది. మా వైపు ఎండాకాలం కరెంటు వచ్చిపోయే తీరుకి అలాంటి రెండింటికి నా చేతులతోనే దినం పెట్టాను.

కూలర్ తీయాల్సి వస్తే కాసేపు పీసీ నడిపి వేడెక్కనిచ్చి, ఆపి ప్లగ్గు తీసి, అటూ ఇటూ తిప్పుతూ తీయండి. నిలువునా లాగకండి. కొనే ముందు బోర్డు పెట్టె ఫొటో తీసి కింద కామెంట్లలో పెట్టండి, స్టిక్కర్ చూసి చెబుతాను.