రిటైరయ్యాక పిల్లల దగ్గర ఎక్కువ రోజులు: అమెరికానా, కెనడానా?

"ఇద్దరం రిటైరయ్యాం, కూకట్‌పల్లిలో ఉంటాం. అమ్మాయి డాలస్‌లో, అబ్బాయి టొరంటోలో. ఎక్కడ ఎక్కువ కాలం ఉండొచ్చు, ఇన్సూరెన్స్ సంగతేంటి?" అని అడిగారు.

ఎక్కువ రోజులే ముఖ్యమైతే కెనడా నయం. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు అక్కడ ఇచ్చే సూపర్ వీసా మీద ఒకసారి వెళ్తే 5 ఏళ్ల వరకు ఉండొచ్చు. అబ్బాయికి పౌరసత్వమో పీఆరో (శాశ్వత నివాస హోదా) ఉండాలి, తగిన ఆదాయం చూపించాలి. మీకు కనీసం లక్ష కెనడా డాలర్ల కవరేజీతో ఏడాది ఇన్సూరెన్స్ తప్పనిసరి.

అమెరికా బీ-2 (విజిటర్) వీసాపై 10 ఏళ్లని ఉన్నా, దిగిన ప్రతిసారీ మామూలుగా 6 నెలల వరకే. దిగినప్పుడు నమోదయ్యే ఐ-94 రికార్డులో ఉన్న తేదీయే లెక్క. ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు గానీ, అది లేకుండా విమానం ఎక్కే ధైర్యం నాకైతే లేదు.

అసలు టెన్షన్ బీపీ, షుగర్‌లతోనే. అమెరికా విజిటర్ పాలసీలు చాలావరకు పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితేనే, అదీ వయసును బట్టి పరిమితితో చెల్లిస్తాయి. కెనడా పాలసీల్లో ప్రయాణానికి ముందు కొన్ని నెలలు జబ్బు నిలకడగా ఉండాలంటారు. మందు డోసు మారినా పేచీయే. అందుకే డాక్టర్‌ని బాగా ముందుగా కలవండి. జబ్బు దాచిపెడితే క్లెయిమ్ పోతుంది. ఇండియాలోని మీ హెల్త్ పాలసీని మాత్రం మానేయకండి, రెన్యువల్ తేదీ ఫోన్‌లో పెట్టుకోండి.