మెయిల్‌లో ఇంటర్వ్యూ అడిగేటప్పుడు

తమ్ముడికి,

రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తకు నువ్వు రాసిన మెయిల్ చదివాను. పంపకముందే చూపించావు, మంచిదైంది.

ప్రశ్నలు మరీ ఎక్కువయ్యాయి. ఐదారు చాలు. అంత జాబితా చూస్తే ఎవరైనా "తీరిగ్గా రాద్దాంలే" అని పక్కన పెట్టేస్తారు. నీ మొదటి ప్రశ్న "జొన్నల ప్రాముఖ్యం ఏమిటి?" అని ఉంది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పుడు ప్రతి పత్రికా రాసింది అదే కదా! దాని బదులు ఇలా అడుగు: "ఎన్ని కొత్త రకాలు వచ్చినా రబీలో రైతులు ఎం 35-1 మాల్దండి జొన్నను వదలకపోవడానికి రొట్టె రుచి కారణమా, పశువులకు పనికొచ్చే చొప్పా?" నువ్వు చదువుకుని వచ్చావని ఆవిడకు వెంటనే తెలుస్తుంది. అప్పుడు ఆవిడ కూడా మనసుపెట్టి రాస్తారు. మర్యాద అంటే నా దృష్టిలో ముందు ఇదే, నమస్కారాలు తర్వాత.

నువ్వెవరు, ఏ పత్రిక, కథనం దేని మీద, జవాబు ఎప్పటికి కావాలి, ఇవన్నీ మొదటి పేరాలోనే రాసెయ్. ప్రభుత్వ సంస్థల్లో మీడియాతో మాట్లాడాలంటే చాలాసార్లు పైవాళ్ల అనుమతి తీసుకోవాలి. కాబట్టి రేపటికల్లా కావాలని తొందరపెట్టకు. జవాబు రాకపోతే రెండు మూడు రోజులాగి ఒక్కసారి గుర్తుచెయ్యి. రాత్రిపూట వాట్సాప్‌లో మాత్రం వెంటపడకు.

మెయిల్‌తో వచ్చే పెద్ద ఇబ్బంది, జవాబు మధ్యలో ఆపి "అదెలా?" అని అడగలేకపోవడం. అందుకే చివర్లో "సందేహాలుంటే ఫోన్‌లో ఓ పది నిమిషాలు మాట్లాడొచ్చా?" అని ముందే అడిగి ఉంచు. జవాబులు ప్రెస్‌నోట్‌లా వస్తే ఆ ఫోనే నిన్ను ఆదుకుంటుంది.

కథనం మొత్తం ముందే చూపించమని అడిగితే కుదరదని నెమ్మదిగా చెప్పు. ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లు తాము చెప్పిన మాటలను (కోట్స్) అచ్చుకు ముందే చూసి ఆమోదిస్తామనే షరతుకు ఒప్పుకోవద్దని న్యూయార్క్ టైమ్స్ 2012లో తన విలేకరులకు నియమం పెట్టింది. అయితే దిగుబడి అంకెలు, రకాల పేర్లు సరిచూడమని నువ్వే పంపు, అందులో తప్పేం లేదు. ఆవిడ రాసిన మాటలు కుదించొచ్చు గానీ భావం మార్చకూడదు. జవాబులు మెయిల్‌లో వచ్చాయని పాఠకుడికీ చెప్పాలి.

పంపేముందు ఆవిడ పేరు, హోదా ఇంకోసారి చూసుకో. అచ్చయ్యాక పేపర్ కటింగ్ పంపడం మర్చిపోకు.

మీ అన్నయ్య