ఎం.ఏ.లో చేరుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఎం.ఏ.కి సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నీ మనసంతా అంతర్జాతీయ సంబంధాల మీదే ఉందట. చాలా సంతోషం తల్లీ. ఇన్నేళ్ళు డిగ్రీ పిల్లలకు ఇదే సబ్జెక్టు చెప్పినవాణ్ణి కాబట్టి చేరేముందే నాలుగు మాటలు రాస్తున్నాను.

ప్రపంచంలో ఎక్కడ బాంబు పడ్డా సాయంత్రానికల్లా మనమూ ఏదో ఒకటి అనాలన్న తొందర పెట్టుకోకు. ఆ పనికి టీవీలు ఉన్నాయి. ఈ రెండేళ్ళూ ఒక్క సంక్షోభాన్ని గట్టిగా పట్టుకో. అసలు కాగితాల దగ్గర మొదలుపెట్టి, దానివల్ల ఇల్లూ ఊరూ పోగొట్టుకున్న మనిషి దాకా చదువు.

ముందుగా ఐక్యరాజ్యసమితి చార్టర్ తీయి. గైడు కాదు, అసలు పాఠమే. ఉన్నవి 111 అధికరణాలు, ఒక ఆదివారం చాలు. రెండో అధికరణం నాలుగో క్లాజు బలప్రయోగం కూడదంటుంది. 51వది ఆత్మరక్షణ హక్కు ఇస్తుంది. 27వది ఐదు శాశ్వత సభ్యదేశాల చేతికి వీటో ఇస్తుంది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీదకు సైన్యాన్ని పంపుతూ రష్యా చెప్పుకున్నది 51వ అధికరణాన్నే. మర్నాడు భద్రతామండలిలో తీర్మానం వస్తే వీటో చేసింది. భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. ఆ రోజు మన ప్రతినిధి ఇచ్చిన వివరణ చదువు, ఏ మాట అన్నారో, ఏ మాట అనకుండా వదిలేశారో గమనించు. ఎడిటోరియల్స్ తర్వాత చదువుకోవచ్చు.

చేయి తిరగడానికి మన ఊరి కేసే ఉంది. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారత్ మీద భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్, అంటే హైదరాబాద్ మీద భారత సైన్యం చర్య, మొదలైంది. 16న పారిస్‌లో మండలి కూర్చుని హైదరాబాద్ అంశాన్ని ఎజెండాలోకి తీసుకుంది. మర్నాడే నిజాం లొంగిపోయాడు, ఆ తర్వాత ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని తంతి పంపాడు. హైదరాబాద్ అసలు స్వతంత్ర రాజ్యమే కాదు, మండలి గడప తొక్కే అర్హతే లేదని భారత్ తరఫున రామస్వామి ముదలియార్ వాదించారు. కాదు, ఇది అంతర్జాతీయ వివాదమేనన్నది నిజాం ప్రతినిధి మొయిన్ నవాజ్ జంగ్ వాదన. రాజ్యం అంటే ఎవరు, ఎవరు గుర్తిస్తే అవుతుంది? రేపు కొసావో చదివినా, పాలస్తీనా చదివినా ఈ ప్రశ్న నీకు మళ్ళీ తగులుతుంది. అప్పటి సమావేశాల రికార్డు ఐక్యరాజ్యసమితి డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుంది. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కి కూడా ఓసారి వెళ్ళు.

అయితే ఆ చర్చలో మనుషులు పెద్దగా కనపడరు. నిజాం పక్షాన ఉన్న సాయుధ దళం రజాకార్లు, వాళ్ళ దాడులకు ఊళ్ళు వదిలిపోయినవాళ్ళు ఉన్నారు. పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం చేతికి రాలేదు. రెండు బాధలనూ ఒకే శ్రద్ధతో చదవగలగాలి. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కప్పేసేవాళ్ళు నీకు చాలామంది తగులుతారు, వాళ్ళ దారిన పోకు.

మన హైదరాబాద్ బాలాపూర్‌లో మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాలు ఉంటున్నారు, నీకు తెలిసే ఉంటుంది. వాళ్ళ మీద జరిగినదానికే మయన్మార్ మీద గాంబియా 2019 నవంబర్‌లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో జాతిహత్య కేసు వేసింది. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంలో చేరలేదు, శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ (యూఎన్‌హెచ్‌సీఆర్) ఇచ్చిన కార్డు చేతిలో ఉన్నా భయం భయంగానే బతకాలి. ఆ విషయం తీసుకుంటే మాత్రం ఒక మాట. నీకు గైడ్‌గా ఉన్న ప్రొఫెసర్ అనుమతి లేకుండా, మనిషి ఒప్పుకోకుండా ఫోన్ బయటికి తీయకు. పేర్లు రాయకు. నీకు ఒక సెమిస్టర్ పేపర్, వాళ్ళకు అది ప్రాణాల మీదకు రావచ్చు.

థియరీలంటే టెన్షన్ పడకు. వాస్తవికవాదం, ఉదారవాదం అన్నీ నేర్చుకో, పరీక్షకు కావాలి. కానీ ఏదో ఒక పార్టీలో చేరినట్టు ఒకదానికే అంటుకుపోకు. భాష మాత్రం తప్పనిసరి. ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో అరబిక్, రష్యన్ లాంటివి నేర్పుతారు. నువ్వు ఎంచుకున్న సంక్షోభాన్ని బట్టి ఒకటి మొదలుపెట్టు. ఉర్దూ ఎలాగూ వచ్చు కదా, చదవడం కూడా నేర్చుకో.

ఉద్యోగం సంగతి మీ నాన్న అడుగుతున్నాడని విన్నాను. ఇంజనీరింగ్ వాళ్ళలా క్యాంపస్‌లోనే ఆఫర్ వస్తుందని నేను చెప్పను. లెక్చరర్ అర్హతకు నెట్, పరిశోధన ఫెలోషిప్‌కు జేఆర్ఎఫ్ రాయవచ్చు, సివిల్స్ జనరల్ స్టడీస్ రెండో పేపర్లో ఇది నేరుగా పనికొస్తుంది, పరిశోధన సంస్థలు, సహాయ సంస్థలు ఉన్నాయి. కాస్త ఆలస్యమవుతుంది. మీ నాన్నతో నేను మాట్లాడతాను, ఆ బరువు నువ్వు మోయకు.

మొదటి సెమినార్ పేపర్ సబ్మిట్ చేసేముందు నాకు పంపించు. కూర్చుని దిద్ది ఇస్తాను.

మీ మామయ్య