డాక్టర్ సలహా: పీసీఓఎస్ వల్లే మా పాప అబ్బాయినంటోందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. మా పాపకు 16 ఏళ్లు. పన్నెండో ఏట పెద్దమనిషి అయింది. ఏడాదిగా నెలసరి మూడు నాలుగు నెలలకోసారి వస్తోంది. గడ్డం కింద వెంట్రుకలు మొలిచాయి. స్కానింగ్‌లో అండాశయాల్లో నీటిబుడగలున్నాయని, పీసీఓఎస్ అని చెప్పి మాత్రలు రాశారు. వేసుకోదు. గట్టిగా అడిగితే ‘నేను అమ్మాయిని కాదు, అబ్బాయిని’ అంటోంది. మగ హార్మోన్ పెరగడం వల్లే ఇలా అంటోందా? మాత్రలు వాడితే మారుతుందా?
- ఒక తల్లి

జవాబు: రెండింటికీ కాదనే చెబుతానమ్మా. పీసీఓఎస్ అంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ సమస్య. ఇందులో మగ హార్మోన్ కాస్త పెరుగుతుంది, నిజమే. దానివల్ల మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. అంతేగానీ ఆడపిల్లను అబ్బాయినని అనుకునేలా చేయదు. పదిమందిలో ఒకరికి ఈ సమస్య ఉంటుంది, మీ వీధిలోనే ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు. వాళ్లంతా అలా అనడం లేదు కదా! హార్మోన్ తగ్గిస్తే మీ బిడ్డ మనసు మారుతుందనుకోవద్దు. (మీరు పాప అన్నారు, నేను బిడ్డ అంటున్నాను. ఆ మాట ఎవరికైనా సరిపోతుంది.)

అసలిది పీసీఓఎస్ అవునో కాదో ముందు తేల్చాలి. రజస్వల అయిన 8 ఏళ్లలోపు నీటిబుడగలు చాలామందికి మామూలుగానే కనిపిస్తాయి. అందుకే ఈ వయసులో స్కానింగ్ మీద ఆధారపడొద్దని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పీసీఓఎస్ అనాలంటే నెలసరి తప్పడం, మగ హార్మోన్ ఎక్కువుండడం రెండూ ఉండాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ వంటి రక్తపరీక్షలతో వేరే కారణాలు లేవని చూసుకోవాలి. షుగర్ పరీక్ష కూడా చేయించండి. కొద్ది నెలల్లోనే గొంతు మగగొంతులా మారినా, వెంట్రుకలు ఒక్కసారిగా పెరిగినా వెంటనే చూపించాలి. మీ బిడ్డ తెలిసినవాళ్ల ద్వారా మగ హార్మోన్ ఇంజెక్షన్లేమైనా తీసుకున్నారా అన్నది మీరు పక్కన లేనప్పుడు డాక్టర్ అడగాల్సిన ప్రశ్న.

ఇక మాత్రలు. మీకు రాసినవి బహుశా ఈస్ట్రోజన్ కలిసినవి, అంటే ఆడ హార్మోన్. అబ్బాయినంటున్న బిడ్డను రోజూ దాన్ని మింగమంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. మా ఓపీకి ఒకసారి ఇలాంటి బిడ్డే వచ్చాడు. చుట్టూ గర్భిణులు. నెలసరి రావట్లేదని వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటోంది. అతను టోపీ ముందుకు లాక్కుని గమ్మున కూర్చున్నాడు. ఒంటరిగా అడిగితే, ‘రాకపోతేనే హాయిగా ఉంది మేడమ్’ అన్నాడు.

అయితే నెలసరి దానంతట అదే ఆగిపోతే వదిలేయకూడదు. గర్భాశయం లోపలి పొర మందమవుతూ పోతుంది. ఎప్పుడో ఒకసారి విపరీతంగా బ్లీడింగ్ అవుతుంది, ఏళ్ల తరబడి అలాగే ఉంటే క్యాన్సర్ ముప్పు. నెలసరి రాకుండా 90 రోజులు దాటితే మందు అవసరం. ఈస్ట్రోజన్ లేని ప్రొజెస్టిన్ మందులున్నాయి. అవి ఆ పొరను పల్చగా ఉంచుతాయి కాబట్టి, వాటివల్ల నెలసరి ఆగినా భయం లేదు. ఇది చెప్పాక ఆ అబ్బాయి మాత్రలు వేసుకోవడానికి ఒప్పుకున్నాడు. వెంట్రుకల మాటా అంతే. తీయించాలని మీకుంటుంది, తనకు అవే ఇష్టం కావచ్చు. తీయకపోతే ఆరోగ్యానికి నష్టమేమీ లేదు.

బరువు ఎక్కువుంటే ఆటలు, నడక. కడుపు మాడ్చే డైట్‌లు వద్దు.

‘పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది’ అనేవాళ్లు మీ చుట్టూ ఉంటారు, వినకండి. మార్చేస్తామనే డాక్టర్ల దగ్గరికీ వెళ్లొద్దు. అలాంటి చికిత్స వృత్తిపరమైన తప్పని 2022లోనే జాతీయ మెడికల్ కమిషన్ చెప్పింది. బిడ్డ దిగులుగా ఉన్నా, మీకే టెన్షన్‌గా ఉన్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఈసారి గైనకాలజిస్టుతో పాటు ఎండోక్రైనాలజిస్టుకూ (హార్మోన్ల డాక్టర్) చూపించండి. ఓపీ చీటీ రాయించే ముందు, లోపలికి ఏ పేరుతో పిలవమంటావని తననే అడగండి.