టెక్ సందేహాలు: తిరుపతి అమ్మాయి, జపాన్ అబ్బాయి, మధ్యలో అనువాదం యాప్

"మాది తిరుపతి. శ్రీసిటీలో ఓ జపాన్ కంపెనీలో పనిచేస్తున్నాను. అక్కడికి జపాన్ నుంచి వచ్చిన ఇంజినీరు, నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. ఇద్దరికీ ఇంగ్లీష్ అంతంతమాత్రమే. ఎదురెదురుగా ఉన్నన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాం. ఆయన ఒసాకా వెళ్లిపోయాక అంతా మెసేజీల్లోనే. తెలుగులో రాసి, యాప్‌లో జపనీస్‌కు మార్చి పంపుతున్నాను. మామూలు కబుర్లు బాగానే సాగుతున్నాయి కానీ, మనసులో మాట రాస్తే గొడవైపోతోంది. మొన్న మా నాన్న గురించి రాసింది తన గురించే అనుకుని రెండు రోజులు మాట్లాడలేదు. ఇంతకంటే మంచి యాప్ ఉందా? త్వరలో మా ఇంటికి వస్తున్నారు. అమ్మానాన్నలకు తెలుగు తప్ప ఏదీ రాదు. కొండకు కూడా తీసుకెళ్లాలి. ఒకటే టెన్షన్‌గా ఉంది."
– ఓ పాఠకురాలు, తిరుపతి

యాప్ మార్చినా ఈ గొడవ తీరదమ్మా. రాసే తీరు కాస్త మార్చుకుంటే చాలావరకు తీరుతుంది.

తెలుగులోనూ జపనీస్‌లోనూ 'నేను', 'ఆయన' అనకుండానే మాట నడిచిపోతుంది. "వస్తానన్నారు, రాలేదు, చాలా బాధేసింది" అని రాస్తే ఎవరు రాలేదో మనవాళ్లకు ముందు మాటల్ని బట్టి అర్థమైపోతుంది. యాప్‌కు మాత్రం మీరు పేస్ట్ చేసిన ఆ ఒక్క ముక్కే తెలుసు. పైగా తెలుగు, జపనీస్ లాంటి జతలకు చాలాకాలంగా ఇంగ్లీషే మధ్యవర్తి. ఇంగ్లీష్‌లో కర్త లేకపోతే వాక్యం నిలబడదు కాబట్టి, యాప్ ఎవరో ఒకరిని ఊహించి పెట్టేస్తుంది. మీ నాన్నగారి తప్పు ఆ అబ్బాయి నెత్తిన పడింది అలాగే అయ్యుంటుంది. మనం 'మీరు' అన్నామా 'నువ్వు' అన్నామా అన్న తేడా కూడా ఆ దారిలోనే పోతుంది. జపనీస్‌లో మర్యాదకు మనకంటే ఎక్కువ మెట్లున్నాయి. అందుకే ప్రేమగా రాసింది కూడా ఒక్కోసారి ఆఫీసు ఉత్తరంలా చేరుతుంది.

కాబట్టి ప్రతి వాక్యంలో ఎవరో చెప్పండి. "నాన్న నిన్న వస్తానని చెప్పారు. నాన్న రాలేదు. నాకు బాధ కలిగింది." చదవడానికి స్కూలు పుస్తకంలా ఉన్నా, అటువైపు సరిగ్గా చేరుతుంది. సామెతలు, ఎత్తిపొడుపులు వద్దు. తెలుగును ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టే అలవాటుంటే మానేయండి; యాప్ తప్పుల్లో సగం అక్కడే మొదలవుతాయి. గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్‌లో తెలుగు చేర్చుకుంటే మీరు ఇంగ్లీష్ అక్షరాలు కొట్టినా తెలుగు లిపిలోనే పడుతుంది. పంపేముందు, వచ్చిన జపనీస్ వాక్యాన్ని కాపీ చేసి మళ్లీ తెలుగులోకి తిప్పి చూడండి. మనిషి మారిపోతే ఇక్కడే బయటపడుతుంది.

ముఖ్యమైన మాటలకు చాట్‌జీపీటీ, జెమినీ లాంటి ఏఐ చాట్‌బాట్‌లు మామూలు అనువాదం యాప్‌ల కంటే పనికొస్తాయి. వాటికి సందర్భం చెప్పొచ్చు: "నేను అమ్మాయిని. పెళ్లి చేసుకోబోయే అబ్బాయికి రాస్తున్నాను. కోపం నాన్న మీద, ఆయన మీద కాదు. మెత్తగా, దగ్గరివాళ్లతో మాట్లాడినట్టు జపనీస్‌లో రాయి." అంతకంటే ముందు చాట్‌జీపీటీ సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్‌కు వెళ్లి, మీ సంభాషణలను మోడల్ శిక్షణకు వాడుకునే ఆప్షన్ ఆఫ్ చేయండి. ఆయన రాసిన సొంత విషయాలు అందులో పెట్టే ముందు ఆయనను ఒక్కమాట అడగండి. అవి ఆయన మాటలు కదా.

గొడవ మొదలైందని అనిపిస్తే టైపింగ్ ఆపి వీడియో కాల్ చేయండి. మొహం చూస్తే సగం అపార్థం అక్కడే పోతుంది. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. మీకు రాత్రి తొమ్మిదిన్నర అయితే ఆయనకు ఒంటిగంట. జవాబు రాకపోతే అలిగారని కాదు, నిద్రపోయి ఉండొచ్చు. ఫోన్ క్లాక్‌లో ఒసాకా టైమ్ పెట్టుకోండి.

ఇల్లు చూడటానికి వచ్చిన రోజు గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో సంభాషణ మోడ్ తెరిచి, ఫోన్ మధ్యలో పెట్టండి. టీవీ ఆపేయండి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే అది ఏదీ పట్టుకోలేదు. మీ అమ్మగారు "ఎప్పుడొచ్చినావు నాయనా, బాగుండావా" అని మన యాసలోనే అడుగుతారు, అడగాలి కూడా. ఆ మాటను మీరు పుస్తకం తెలుగులో ఫోన్‌కు చెప్పండి. ఆయన్ని ఎదురుగా పెట్టుకుని అమ్మగారు ఫోన్ కోసం మాట మార్చుకోవడం నాకు నచ్చదు. ఆమె ఆయన మొహం చూస్తూ మాట్లాడాలి. సంగటి, ఊరుబిండి లాంటి వంటల పేర్లను యాప్‌కు వదలొద్దు, తినిపించి చెప్పండి.

కొండ మీద ఇంకో చిక్కుంది. శ్రీవారి ఆలయంలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. గంటలకొద్దీ క్యూలో ఉన్నంతసేపూ మీ దుబాసీ లాకర్‌లోనే. ముందురోజే ఒక కాగితం మీద పది పన్నెండు వాక్యాలు తెలుగు, జపనీస్ రెండింట్లో రాసి జేబులో పెట్టుకోండి: "నీళ్లు కావాలి", "కళ్లు తిరుగుతున్నాయి", "ఇక్కడే ఆగండి", "ఇంకెంతసేపు". ఇతర మతస్థులు దర్శనానికి ముందు, స్వామి మీద విశ్వాసం ఉందని తెలిపే డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి. ఆయనకు ఏమీ తెలియకుండా సంతకం పెట్టించొద్దు. అందులో ఏముందో ఇంట్లో ఉండగానే విడమరిచి చెప్పండి. పాస్‌పోర్ట్ మరిచిపోవద్దు.

ఇక భాష నేర్చుకునే బరువు మీ ఒక్కరి మీదే పడకూడదు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. మీరు జపనీస్ లిపుల్లో ఒకటైన హిరగానాలోని 46 అక్షరాలతో మొదలుపెట్టి, జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో అన్నిటికంటే తేలికైన ఎన్5 స్థాయికి చదవండి. ఆయన తెలుగు మొదలుపెట్టాలి. క్రియ చివర రావడం, 'కి', 'లో' లాంటివి పేరు తర్వాత చేరడం జపనీస్‌లోనూ ఉన్నాయి కాబట్టి తెలుగు వాక్యం ఆయనకు ఇంగ్లీష్ కంటే దగ్గరగానే ఉంటుంది. మీ నాన్నగారితో ఆయన సొంతంగా నాలుగు ముక్కలు మాట్లాడగలిగితే, అది ఏ యాప్ చేసిపెట్టే పని కాదు.

"మాది చిత్తూరు. నా భార్యది ఒడిశా. అమ్మ, తను మాట్లాడుకోవడానికి అనువాదం చేసే ఇయర్‌బడ్స్ కొనమంటారా?"
– ఓ పాఠకుడు, చిత్తూరు

ఇప్పుడే కొనొద్దు. అసలు పని చాలావరకు ఫోన్‌లోని యాపే చేస్తుంది, ఇయర్‌బడ్స్ వినిపిస్తాయంతే. ప్రకటనల్లో ఎన్ని భాషలని ఉన్నా మన భాష ఉందో లేదో చూడాలి. శాంసంగ్ ఫోన్లలో అనువాదం కూడా చేసే గెలాక్సీ ఏఐ 2024 జనవరిలో వచ్చినప్పుడు అందులో 13 భాషలున్నాయి. హిందీ ఉంది, తెలుగు లేదు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి ఒడియా 2020లో వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన అనువాద వేదిక భాషిణిలోనూ తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. ముందు గూగుల్ ట్రాన్స్‌లేట్, భాషిణి రెండింటినీ ఇంట్లో ఉచితంగా వాడి చూడండి. అప్పటికీ కొనాలనిపిస్తే షాపులో తెలుగు, ఒడియా పెట్టి మాట్లాడి చూపించమనండి.